న్యాయ సందేహాలు: తలుపు అద్దం, వాకిటి ముగ్గు, నడివీధి విగ్రహం

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడు ఇంగ్లండుకు సంబంధించినవి. మూడింటిలోనూ ఉన్నవి రెండే విషయాలు: ఇతరుల ఆస్తికి నష్టం కలిగించడం, అరెస్టు చేయబోయిన పోలీసును ప్రతిఘటించడం. అందుకని ఈసారి శీర్షికను వాటికే కేటాయించాను. కింద చెప్పేదంతా ఇంగ్లండు, వేల్సులలో అమలులో ఉన్న చట్టం. స్కాట్లండు నేర చట్టం వేరు కనుక ఎడిన్‌బరోలోనో గ్లాస్గోలోనో పిల్లలు ఉన్నవారు దీనిని తమకు అన్వయించుకోకూడదు.

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మా అబ్బాయికి 23 ఏళ్ళు. లెస్టరులో చదువుకుంటూ ముగ్గురు స్నేహితులతో కలిసి అద్దె ఇంట్లో ఉంటున్నాడు. పోయిన నెల ఒక రాత్రి పుట్టినరోజు విందుకు వెళ్ళి ఆలస్యంగా వచ్చాడు. తాళంచెవి మరిచిపోయాడు, లోపలి వాళ్ళు ఎంత పిలిచినా లేవలేదు. వెనుక తలుపును కాలితో తన్నితే దాని అద్దం పగిలింది. పక్కింటివాళ్ళు ఫోను చేయగా పోలీసులు వచ్చారు. ఇది నేను ఉండే ఇల్లే అని చెబుతున్నా వినకుండా పట్టుకున్నారట. వాడు చెయ్యి విదిలించుకున్నాడు, కొంత పెనుగులాట జరిగింది, బేడీలు వేసి తీసుకువెళ్ళారు. మర్నాడు వదిలిపెట్టారు గాని మళ్ళీ విచారణకు రమ్మన్నారు. తప్పు ఒప్పుకుంటే ‘కాషన్’ (పోలీసులే ఇచ్చే అధికారిక హెచ్చరిక) ఇచ్చి వదిలేస్తారని స్నేహితులు చెబుతున్నారు. మా బావగారేమో పదేళ్ళు జైలు పడే నేరమని భయపెడుతున్నారు. తను ఉండే ఇంటి తలుపు పగిలితే నేరమా? అన్యాయంగా పట్టుకుంటే చెయ్యి విడిపించుకోవడం కూడా నేరమేనా? ఒప్పేసుకోమని వాడికి చెప్పమంటారా? — ఒక తల్లి, పెరంబూరు, చెన్నై

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, తొందర దానికే కాబట్టి. సొలిసిటరుతో, అంటే అక్కడి వకీలుతో, మాట్లాడకుండా మీ అబ్బాయి ఏదీ ఒప్పుకోకూడదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు. పోలీసులు విచారించే ప్రతి మనిషికీ, ఆదాయం ఎంతైనా, ఏ దేశ పౌరుడైనా, సొలిసిటరు సలహా ఉచితంగా దొరికే ఏర్పాటు అక్కడ ఉంది. స్టేషనులో విచారణ మొదలయ్యేలోపు ‘నాకు సొలిసిటరు కావాలి’ అని ఒక్క మాట అంటే చాలు. ఇంగ్లీషులో తడబడతాడనిపిస్తే తెలుగు దుబాసీని కూడా వాళ్ళే ఉచితంగా పిలిపించాలి. వకీలును అడిగితే తప్పు చేసినట్టు అనుకుంటారేమోనన్న సంకోచం మన పిల్లలలో చాలామందికి ఉంటుంది. దయచేసి ఆ సంకోచాన్ని మీరే పోగొట్టండి.

ఇక తలుపు సంగతి. 1971 నాటి క్రిమినల్ డ్యామేజ్ చట్టం మొదటి సెక్షను ప్రకారం, చట్టసమ్మతమైన కారణం లేకుండా, ఇతరులకు చెందిన ఆస్తిని, కావాలనో లేక పాడవుతుందని తెలిసీ తెగించో, ధ్వంసం చేసినా దెబ్బతీసినా అది నేరం. అద్దెకు ఉన్నంత మాత్రాన ఇల్లు మీ అబ్బాయిది కాదు. తలుపు ఇంటి యజమానిది, మీ అబ్బాయి విషయంలో ఆ యజమానే ‘ఇతరుడు’. ఈ విషయంలో 1970ల తొలినాళ్ళ స్మిత్ కేసు ఒకటి ప్రసిద్ధం. ఒక కిరాయిదారు తన గదిలో యజమాని అనుమతితో వైర్లు, గోడ పలకలు, నేల చెక్కలు అమర్చుకుని, ఖాళీ చేసేటప్పుడు వైర్లు తీసుకోవడానికి వాటిని పగలగొట్టాడు. గోడకు బిగించిన మరుక్షణం అవి చట్టరీత్యా యజమానివి అయిపోయాయి, కాని ఆ మనిషి మాత్రం అవి తనవేనని నిజాయితీగా నమ్మాడు. పరాయి ఆస్తిని పాడుచేయాలన్న ఉద్దేశం అతనికి లేదని అప్పీలు కోర్టు శిక్షను కొట్టివేసింది. మీ అబ్బాయికి ఈ తీర్పు అంతగా పనికిరాదు, ఎందుకంటే తలుపు తనది కాదని అతనికి తెలుసు.

అతనికి పనికివచ్చే ప్రశ్న మరొకటి ఉంది. తన్నినప్పుడు అద్దం పగలవచ్చునన్న ఆలోచన అతని మనసులో ఉందా? 2003లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన ‘జి’ కేసు తీర్పు ఈ విషయాన్ని తేల్చింది. 11, 12 ఏళ్ళ ఇద్దరు పిల్లలు ఒక దుకాణం వెనుక పాత వార్తాపత్రికలకు నిప్పంటించి, అదే ఆరిపోతుందనుకుని వెళ్ళిపోయారు. మంట చెత్తడబ్బాకు, అక్కడి నుంచి దుకాణం కప్పుకు పాకి పది లక్షల పౌన్ల మేర నష్టం జరిగింది. అంతకు ముందు రెండు దశాబ్దాలుగా, మామూలు మనిషికి కనబడే ప్రమాదం నిందితుడికి తట్టకపోయినా అతను దోషే అన్న సూత్రం నడిచింది. లార్డ్స్ దానిని తోసిపుచ్చి, ఆ మనిషికి స్వయంగా ప్రమాదం తెలిసి ఉండాలని, తెలిసీ ఆ పరిస్థితిలో ఆ ప్రమాదానికి ఒడిగట్టడం అనుచితమై ఉండాలని చెప్పింది. లోపలివాళ్ళను లేపడానికి తలుపు కింది చెక్కమీద కాలితో కొట్టడం వేరు, కోపంతో అద్దం మీదికి కాలు విసరడం వేరు. నిజంగా జరిగింది ఏది అన్నది మీకు గాని నాకు గాని కాదు, ముందుగా సొలిసిటరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

విందులో మద్యం తీసుకున్నాడో లేదో మీరు రాయలేదు. అడగడానికి మీకు కష్టంగా ఉండవచ్చు గాని సొలిసిటరు తప్పక అడుగుతారు. సొంతంగా తాగిన మత్తులో ప్రమాదం తట్టలేదన్న వాదన ఈ నేరంలో చెల్లదు. అయితే ఒక వింతైన మినహాయింపు ఉంది. చట్టం 5వ సెక్షను ప్రకారం, సంగతి తెలిస్తే యజమాని ఒప్పుకునేవాడే అని నిజాయితీగా నమ్మినవాడికి అది చట్టసమ్మతమైన కారణం అవుతుంది, ఆ నమ్మకం సమంజసమైనదా కాదా అన్నది చూడరు. 1980 నాటి జాగర్డ్ వర్సెస్ డికిన్సన్ కేసులో తాగి ఉన్న ఒక స్త్రీ, స్నేహితుడి ఇల్లు అనుకుని అలాగే ఉన్న మరొకరి ఇంటి కిటికీ పగలగొట్టుకుని లోపలికి వెళ్ళింది. స్నేహితుడు ఏమీ అనుకోడని ఆమె నిజంగానే నమ్మింది కాబట్టి, ఆ నమ్మకం మత్తులో కలిగినదైనా చెల్లుతుందని కోర్టు అంది. మీ అబ్బాయి ఉండే ఇంటి యజమాని గతంలో ఇలాంటి సందర్భంలో ‘అవసరమైతే తలుపు తీయించుకోండి, ఖర్చు మీరు పెట్టుకోండి’ వంటి మాట ఏదైనా అని ఉంటే, ఫోనులో సందేశం ఉంటే, దానిని భద్రపరచమనండి.

మీ బావగారు చెప్పిన పదేళ్ళు పుస్తకంలో ఉన్న మాటే. మామూలు ఆస్తి నష్టానికి గరిష్ఠ శిక్ష పదేళ్ళు, నిప్పు పెట్టినా ప్రాణాపాయం తలపెట్టినా యావజ్జీవం. కాని నష్టం విలువ 5,000 పౌన్లు దాటకపోతే కేసు మెజిస్ట్రేటు కోర్టులోనే తేలిపోతుంది, అక్కడ గరిష్ఠం మూడు నెలలు లేదా 2,500 పౌన్ల జరిమానా లేదా రెండూ. ఒక తలుపు అద్దం ఆ పరిమితికి ఎంత దూరమో చెప్పనక్కరలేదు. యజమానికి అద్దం ఖర్చు ఇవ్వడం మంచిదే, అయితే ‘నేనే కోపంతో పగలగొట్టాను, క్షమించండి’ అని రాసి ఇవ్వకుండా సొలిసిటరు ద్వారా ఇవ్వమనండి. మంచి మనసుతో రాసిన ఆ చీటీయే తరువాత కోర్టులో సాక్ష్యం కావచ్చు.

నన్ను నిజంగా కలవరపెడుతున్నది రెండో ఆరోపణ. తప్పు చేయనివాణ్ణి పట్టుకుంటే ఆ అరెస్టే తప్పు కదా అని మీ అబ్బాయి అనుకున్నాడు, మనలో చాలామందిమి అలాగే అనుకుంటాం. చట్టం అలా చూడదు. నేరం జరిగిందని, అది ఈ మనిషి చేశాడని అనుమానించడానికి పోలీసుకు సహేతుకమైన ఆధారం ఉండి, అరెస్టు చేయవలసిన అవసరం కూడా ఉంటే, 1984 నాటి పోలీస్ అండ్ క్రిమినల్ ఎవిడెన్స్ చట్టం 24వ సెక్షను ప్రకారం ఆ అరెస్టు చట్టబద్ధమే. రేపు కోర్టు అతణ్ణి నిర్దోషి అని వదిలేసినా ఆ రాత్రి అరెస్టు చట్టబద్ధంగానే ఉండిపోతుంది. అర్ధరాత్రి, పగిలిన అద్దం, చేతిలో గుర్తింపు కార్డు లేని యువకుడు, భయపడి ఫోను చేసిన పొరుగువారు: ఆ కానిస్టేబులు స్థానంలో నిలబడి చూడండి. పేరు, చిరునామా నిర్ధారించుకోవడం, మరింత నష్టం జరగకుండా ఆపడం వంటివి అరెస్టు అవసరానికి చట్టమే చెప్పిన కారణాలు. ఇంట్లో ఉన్న తోటివాళ్ళను లేపి అడిగితే సరిపోయేది కదా అన్న మీ బాధ న్యాయమైనదే, సొలిసిటరు దానిని వాదనగా ఎత్తవచ్చు కూడా. కాని ఆ వాదనకు చోటు కోర్టు.

1996 నాటి పోలీస్ చట్టం 89వ సెక్షనులో, విధి నిర్వహణలో ఉన్న కానిస్టేబులును ప్రతిఘటించినా కావాలని అడ్డుకున్నా ఒక నెల వరకు జైలు లేదా 1,000 పౌన్ల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. చెయ్యి బలంగా లాక్కోవడం ఈ సెక్షను కిందికే వస్తుంది. తోసినా కొట్టినా సంగతి మారిపోతుంది. పోలీసులు, అంబులెన్సు సిబ్బంది వంటి అత్యవసర సేవకులపై దాడికి 2018లో ప్రత్యేక చట్టం తెచ్చారు, 2022 నుంచి దాని గరిష్ఠ శిక్షను రెండేళ్ళు చేశారు. అందుచేత ‘కొంత పెనుగులాట’ అని మీరు రాసిన రెండు మాటలలో ఏముందో చాలా జాగ్రత్తగా విడదీసి చూడాలి.

అరెస్టు అన్యాయమని నిజంగా నమ్మాను అన్నది సాకు కాదు. 1971 నాటి ఫెనెల్ కేసులో ఒక తండ్రి, తన కొడుకును పోలీసులు అన్యాయంగా పట్టుకున్నారని నమ్మి, విడిపించడానికి కానిస్టేబులును కొట్టాడు. తండ్రి నమ్మకం నిజాయితీగలదే అయినా అరెస్టు చట్టబద్ధమైనది కాబట్టి అది రక్షణ కాదని అప్పీలు కోర్టు తేల్చింది. ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు ఆ తండ్రి మీద జాలి కలుగుతుంది, అయినా తీర్పు తప్పని అనలేను. వీధిలో ప్రతి మనిషీ తన అరెస్టుకు తానే న్యాయమూర్తి అయితే గాయపడేవాళ్ళు ఎక్కువవుతారు.

అయితే మీ అబ్బాయికి ఒక దారి మిగిలే ఉంది. కానిస్టేబులు ‘విధి నిర్వహణలో’ ఉన్నాడని రుజువు చేయవలసింది ప్రాసిక్యూషనే. 1984 నాటి కాలిన్స్ వర్సెస్ విల్‌కాక్ కేసులో ఒక మహిళా పోలీసు, అరెస్టు చేసే ఉద్దేశం లేకుండానే, మాట్లాడకుండా వెళ్ళిపోతున్న ఒక స్త్రీ చెయ్యి పట్టుకుని ఆపింది. పిలవడానికి భుజం మీద తట్టడం వేరు, పట్టి ఆపడం వేరని, ఆ పట్టుకోవడమే చట్టవిరుద్ధమని చెప్పి, పోలీసును గీరిన ఆ స్త్రీకి పడిన శిక్షను కొట్టివేశారు. కాబట్టి మీ అబ్బాయి చెయ్యి పట్టుకున్నది అరెస్టు అని చెప్పాకనా, చెప్పకముందా? ఎందుకు అరెస్టు చేస్తున్నారో ఎప్పుడు చెప్పారు? వీలైనంత త్వరగా కారణం చెప్పాలని ఆ 1984 చట్టమే 28వ సెక్షనులో నిర్దేశించింది, పెనుగులాట వల్ల వెంటనే చెప్పలేకపోతే ఆ కాస్త ఆలస్యాన్ని మాత్రం మన్నిస్తుంది. పోలీసుల ఛాతీ మీద కెమెరాలు ఉంటే, ఆ వీడియో మొదటి అర నిమిషంలోనే దీనికి జవాబు ఉంటుంది. సొలిసిటరు ఆ వీడియో అడిగి తీరాలి.

ఇక కాషన్. అది కోర్టు శిక్ష కాదు, నిజమే. కాని నేరం ఒప్పుకుంటేనే ఇస్తారు, పోలీసు రికార్డులో నమోదవుతుంది, బ్రిటన్ వీసా దరఖాస్తులో ఆ ప్రశ్న విడిగా అడుగుతారు, దాచితే దాచడమే పెద్ద నేరమై కూర్చుంటుంది. చదువు అయ్యాక వీసా మార్చుకోవలసిన కుర్రవాడికి ఇది చిన్న విషయం కాదు. నిజంగా తప్పు జరిగి, సాక్ష్యం బలంగా ఉంటే కాషన్ మేలైన ముగింపే కావచ్చు. భయంతో, ఇంటికి పోదామన్న ఆత్రంతో తీసుకుంటే మాత్రం కాదు. విచారణలో మౌనంగా ఉండాలా జవాబు చెప్పాలా అన్నది కూడా సొలిసిటరే నిర్ణయించాలి, ఎందుకంటే అప్పుడు చెప్పకుండా తరువాత కోర్టులో చెప్పే సంగతిని అనుమానంగా చూడడానికి 1994 నుంచి అక్కడి చట్టం అనుమతిస్తోంది.

ప్రశ్న: మా అమ్మాయి లండను దగ్గర ఒక ఫ్లాట్‌లో ఉంటుంది. సంక్రాంతికి అక్కడ ఉండి, భోగినాడు అందరూ నడిచే దారి మీద, వాళ్ళ గుమ్మం ఎదుట ముగ్గు పెట్టాను. పై అంతస్తు ఆయన ఇది ‘క్రిమినల్ డ్యామేజ్’ అని, పోలీసులకు చెబుతానని అన్నాడు. అమ్మాయి భయపడి నీళ్ళు పోసి కడిగేసింది. మనసు చివుక్కుమంది. ముగ్గు కూడా నేరమేనా? — ఒక అమ్మమ్మ, మైలాపూరు, చెన్నై

జవాబు: అమ్మా, మీరు పెట్టినది బియ్యప్పిండి ముగ్గే అయి, నీళ్ళు పోయగానే పోయి ఉంటే, అది నేరమని నేను అనుకోను. పాడవడం అంటే ఏమిటో చట్టంలో నిర్వచనం లేదు, కోర్టులే ఒక్కో కేసులో తేల్చాయి. 1978లో ఒక బాలుడు పోలీసు రెయిన్‌కోటు మీద ఉమ్మిన కేసులో, తడిగుడ్డతో తుడిస్తే పోయేది కనుక కోటు పాడవలేదన్నారు. 1986లో దీనికి ఎదురుగా మరో తీర్పు వచ్చింది. హిరోషిమా మీద అణుబాంబు పడి 40 ఏళ్ళయిన సందర్భంగా కొందరు ఉద్యమకారులు, ఆ బాంబుకు ఆవిరైపోయిన మనుషుల నీడల గుర్తుగా, నీటికి కరిగే రంగుతో కాలిబాట మీద మనిషి ఆకారాలు గీశారు. వానకు అవే పోయేవి. కాని స్థానిక సంస్థ మనుషులను పెట్టి, నీళ్ళ యంత్రాలతో కడిగించింది, ఆ ఖర్చూ శ్రమా పడవలసి వచ్చింది కాబట్టి అది నష్టమేనని కోర్టు తేల్చింది. అంటే చూసేది ఆ గుర్తు శాశ్వతమా కాదా అన్నది ఒక్కటే కాదు, పోగొట్టడానికి ఇతరులకు ఎంత ఖర్చు, ఎంత శ్రమ అన్నది కూడా. మీ అమ్మాయి ఒక చెంబుడు నీళ్ళతో కడిగేసింది. మైలాపూరులో మనం గీసినట్టు ముగ్గు చుట్టూ ఎర్రమన్ను కావి పూసి ఉంటే, అక్కడి లేతరంగు పలకలకు ఆ మరక పట్టుకుని ఉంటే, నా జవాబు ఇంత ధీమాగా ఉండేది కాదు. వచ్చే సంక్రాంతికి ఆ భవనం నిర్వహించే వారికి ముందే ఒక ఉత్తరం రాసి అనుమతి తీసుకోమనండి. అనుమతి ఉంటే ఆ పై అంతస్తు ఆయన ఫిర్యాదుకు ఆధారమే ఉండదు.

ప్రశ్న: నేను చెన్నైలో న్యాయశాస్త్రం చదువుతున్నాను. బ్రిస్టల్‌లో బానిస వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని కూలదోసినవారిని జ్యూరీ వదిలేసింది కదా, మంచి ఉద్దేశం ఉంటే ఆస్తి నష్టం నేరం కాదని అర్థమా? అలాగే అరెస్టును ప్రతిఘటించే విషయంలో మన చట్టానికీ ఇంగ్లండు చట్టానికీ తేడా ఏమిటి? — ఒక విద్యార్థి

జవాబు: అలా అర్థం చేసుకోకు నాయనా. 2020 జూన్ 7న విగ్రహం కూలింది, 2022 జనవరి 5న నలుగురు నిందితులను జ్యూరీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. జ్యూరీ కారణాలు చెప్పదు కనుక ఆ తీర్పులో సూత్రం వెదకడానికి ఏమీ లేదు. ఆ తరువాత ప్రభుత్వ అటార్నీ జనరల్ చట్టపరమైన ప్రశ్నను మాత్రమే అప్పీలు కోర్టుకు పంపారు. భావప్రకటన హక్కు పేరిట అల్పమైన నష్టం విషయంలో వాదన నిలవవచ్చు గాని, ఇలాంటి గణనీయమైన నష్టం విషయంలో శిక్షించడం ఆ హక్కును మితిమీరి అడ్డుకోవడం కాదని ఆ ఏడాది సెప్టెంబరులో కోర్టు చెప్పింది. నలుగురి విడుదల మాత్రం అలాగే ఉంది. 2024లో, ఇలాగే పంపిన మరో చట్టపరమైన ప్రశ్న మీద, వాతావరణ మార్పు సంగతి పూర్తిగా తెలిస్తే యజమానులు ఒప్పుకునేవారే అన్న ఉద్యమకారుల వాదనకు అప్పీలు కోర్టు తలుపు మూసింది, పైన జాగర్డ్ కేసులో చెప్పిన 5వ సెక్షను నిందితుల రాజకీయ విశ్వాసాల దాకా సాగదని అంది. 2022లో తెచ్చిన చట్టం వల్ల స్మారక చిహ్నాల విషయంలో 5,000 పౌన్ల పరిమితి కూడా పోయింది.

ఈ ప్రశ్న మన ఊరికి కొత్తది కాదు. 1857 తిరుగుబాటును క్రూరంగా అణచిన కర్నల్ నీల్ విగ్రహం మౌంటు రోడ్డు మీద ఉండేది. 1927లో సత్యాగ్రహులు దానిని దెబ్బతీయడానికి వెళ్ళి అరెస్టయి జైలు అనుభవించారు. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక దానిని తీయించి ఎగ్మూరు మ్యూజియానికి పంపారు. ఆ సత్యాగ్రహులు తమ చర్య చట్టం దృష్టిలో నేరం కాదని వాదించలేదు, శిక్షకు సిద్ధపడే వెళ్ళారు. కోల్‌స్టన్ కేసు నిందితులు కోరినది అది కాదు, చట్టమే తమను నిర్దోషులనాలన్నారు. పరీక్షలో ఈ రెండింటినీ కలిపేయకు.

నీ రెండో ప్రశ్నలోనే అసలు లోతు ఉంది. అరెస్టు చేసే సమయంలో కారణం చెప్పాలన్న నియమం రెండు చోట్లా ఒకటే: అక్కడ 1947 నాటి క్రిస్టీ వర్సెస్ లీచిన్‌స్కీ తీర్పు, ఇక్కడ రాజ్యాంగం 22వ అధికరణం. నేరాలూ దగ్గరగానే ఉంటాయి. భారతీయ న్యాయ సంహిత 221వ సెక్షనులో ప్రభుత్వోద్యోగిని అడ్డుకోవడానికి మూడు నెలలు, 132లో విధి నుంచి మళ్ళించడానికి బలప్రయోగం చేస్తే రెండేళ్ళు, 262లో తన చట్టబద్ధమైన అరెస్టును ప్రతిఘటిస్తే రెండేళ్ళు. తేడా ఆత్మరక్షణ దగ్గర వస్తుంది. ఇంగ్లండులో పోలీసు చర్య చట్టవిరుద్ధమైతే, అది ఎంత సద్బుద్ధితో చేసినదైనా, దాని నుంచి విడిపించుకోవడానికి తగినంత బలం వాడే హక్కు పౌరుడికి ఉంది. మన దగ్గర పాత శిక్షాస్మృతి 99వ సెక్షను, ఇప్పుడు న్యాయ సంహిత 37వ సెక్షను, ఆ హక్కును కుదించాయి. ప్రభుత్వోద్యోగి తన హోదాలో సద్బుద్ధితో చేసిన పని ఖచ్చితంగా చట్టానికి సరిపోకపోయినా, చావు గాని తీవ్రమైన గాయం గాని కలుగుతుందన్న సహేతుకమైన భయం లేనంతవరకు, దానిని ఎదిరించే ఆత్మరక్షణ హక్కు లేదు. వలస పాలకులు తమ దేశంలో తమవారికి ఉంచుకున్న హక్కును ఇక్కడ మనకు ఇవ్వలేదు, 2023లో కొత్త సంహిత రాసినప్పుడు మనమూ దానిని మార్చుకోలేదు. అది మార్చవలసిన సెక్షనని నా అభిప్రాయం.

ఇంగ్లండు పక్షాన చదవడానికి 1967 నాటి కెన్లిన్ వర్సెస్ గార్డినర్ కేసుతో మొదలుపెట్టు. ఇద్దరు బడిపిల్లలు రగ్బీ ఆట సంగతి గుర్తుచేయడానికి జట్టువాళ్ళ ఇళ్ళకు తిరుగుతుండగా, మఫ్టీలో ఉన్న పోలీసులు అనుమానించి, అరెస్టు చేయకుండానే ప్రశ్నించడానికి చెయ్యి పట్టుకున్నారు. పిల్లలు కొట్టి విడిపించుకున్నారు, వారికి పడిన శిక్ష రద్దయింది. అది చదివిన వెంటనే, పెరంబూరు అమ్మగారికి చెప్పిన ఫెనెల్ తీర్పు చదువు. ఆ పోలీసులకు అరెస్టు చేసే ఉద్దేశమే ఉండి, కారణం కూడా చెప్పి ఉంటే ఈ పిల్లల కేసు ఎటు తేలేదో ఒక పేజీలో రాసి పంపితే, వచ్చే నెల దాని మీద మాట్లాడతాను.